డ్రాగన్ గారి నిప్పు పర్మిట్

"కెటిల్ గల్లీ షైర్ పరిధిలో వేసవి ముగిసేదాకా ఏ మనిషీ, ఏ సంస్థా, ఏ పక్షీ, ఏ సరీసృపమూ కౌన్సిల్ వారి లిఖితపూర్వక అనుమతి లేకుండా నోటితో గాని, ముక్కుతో గాని, మరే ఇతర అవయవంతో గాని నిప్పు పుట్టించరాదు!"

ఈ మహత్తర తీర్మానాన్ని మా షైర్ పాలకమండలి, అదే మా కౌన్సిల్, ఏకగ్రీవంగా ఆమోదించింది. రాసింది నేనే. "ముక్కుతో గాని" అన్న సవరణ డఫ్నీ ఆర్మిటేజ్ టీచరుగారిది. "మరే ఇతర అవయవంతో" అన్నది మేయర్ నెవిల్ డిట్మర్ గారి ముందుచూపు. అసలు డ్రాగన్ అనేది లోకంలో లేదు కదా అన్న చిన్న సందేహం ఆ సభలో ఎవరికీ రాలేదు. వచ్చినా సరే, లేని జంతువుకి పర్మిట్ అక్కర్లేదని చట్టంలో ఎక్కడా లేదు!

నా పేరు క్లెమ్ రడ్డక్. కౌన్సిల్లో మినిట్స్ రాస్తాను. మినిట్స్ అంటే మరేం లేదు, గంటల తరబడి జరిగిన దాన్ని నిమిషంలో చదివి అవతల పారేసేలా రాయడం. మా ఊరు విక్టోరియా గుట్టల్లో ఉంది. పేరుకు గల్లీయే గాని రోడ్డు మాత్రం గొర్రెల మంద రెండు వైపులా మేసుకుంటూ పోయేంత వెడల్పు. ఓ టౌన్ హాలు, ఓ చదువుల గది, ఓ వంతెన, ఓ బడి, స్టావ్ వాసిలాకిస్ చేపల వేపుడు కొట్టు, చుట్టూ బంగాళాదుంప చేలు. ఇంతే ఊరు. ఇంత ఊరికి ఒక మహారచయిత్రి ఉండడమే మా కష్టాలకి మూలం.

ఆవిడ పేరు నోరీన్ ట్రెలోర్. పేరులోనే నోరుంది గాని మనిషికి లేదు. స్కూలు బస్సు నడిపేది. పొద్దున పిల్లల్ని బడి దగ్గర దింపాక, సాయంత్రం మళ్ళీ ఎక్కించుకునేదాకా బస్సుని ఫుట్‌బాల్ మైదానం పక్కన చెట్ల నీడకి తోలుకెళ్ళి, స్టీరింగు మీద అట్ట పెట్టుకుని ఏదో రాస్తూ కూర్చునేది. పెట్రోలు లెక్కలు రాస్తోందనుకున్నాం. అంత పెట్రోలా అని కౌన్సిల్లో ఓసారి చర్చ కూడా జరిగింది! తీరా చూస్తే ఆవిడ రాస్తున్నది కెల్డ్రాన్ అనే మహారాజ్యం కథ. రాజులూ, కత్తులూ, మంత్రగత్తెలూ, స్కార్వెల్ అనే డ్రాగనూ. మెల్‌బోర్న్‌లో ఎవరో పబ్లిషరు దాన్ని ఇటుకంత పుస్తకంగా అచ్చేశాడు.

ఆవిష్కరణ సభకి టౌన్ హాలు అడుగుదామని నోరీన్ మేయర్ గారి దగ్గరికి వచ్చింది. అప్పుడు నేనక్కడే ఉన్నాను.

"ఆ శనివారం హాలు బంగాళాదుంప రైతుల వార్షిక సమావేశానికి ఇచ్చేశామమ్మా," అన్నాడు మేయర్.

"ఏ శనివారమో నేనింకా చెప్పలేదు కదండీ?"

"ఏ శనివారమైనా!"

నోరీన్ అటునుంచి అటే చదువుల గదికి వెళ్ళింది. అది 'కెటిల్ గల్లీ ఉత్తమ సాహిత్య పఠన మండలి' వారి స్థావరం. అధ్యక్షురాలు డఫ్నీ టీచరుగారు. ఊళ్ళో నలభై దాటిన వాళ్ళందరికీ ఆవిడే ఇంగ్లీషు నేర్పింది, మేయర్‌తో సహా. అందుకే ఇప్పటికీ ఆవిడ దగ్గితే మాలో సగం మంది చేతులు కట్టుకుంటారు. ఆవిడ నోరీన్ పుస్తకాన్ని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకని తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తింది. అట్ట చూసింది. వెనక అట్టా చూసింది.

"నోరీన్, ఇందులో బల్లి మాట్లాడుతోంది."

"బల్లి కాదు టీచరుగారూ, డ్రాగన్."

"రెక్కలున్నంత మాత్రాన బల్లి పెద్దమనిషైపోదు! మా మండలి మనుషుల గురించి చదువుతుందమ్మా. మనుషుల గురించి రాసినప్పుడు రా."

చివరికి ఆవిష్కరణ స్టావ్ కొట్లో జరిగింది. స్టావ్ చేపలు వేపుతాడు, మంటలార్పే వాలంటీర్ల దళానికి కెప్టెన్ కూడా. అంటే వాడు పెట్టిన మంట వాడే ఆర్పుకోగల సమర్థుడు. సభకి వచ్చింది వాడూ, నేనూ, బస్సు పిల్లలూ. పుస్తకం మీద నూనె మరకలు పడ్డాయి. నోరీన్ మాత్రం మొహం ఇంత చేసుకుని, ప్రతి పిల్లకీ సంతకం పెట్టిచ్చింది. నేనా రాత్రే చదవడం మొదలెట్టాను. మర్నాడు కౌన్సిల్ సమావేశంలో బల్ల కింద పెట్టుకుని పూర్తి చేశాను. ఆ రోజు మినిట్స్‌లో మురుగుకాలవ తీర్మానం మధ్యలో ఒక కత్తియుద్ధం పడిపోయింది. ఎవరూ గమనించలేదు. తీర్మానం నెగ్గింది.

తర్వాత రెండో సంపుటం వచ్చింది, మూడోది వచ్చింది. సంపుటానికి పదిమందిని సంపుట నోరీన్ పద్ధతి. సంపుతున్న కొద్దీ పాఠకులు పెరిగారు! చలిదేశాల్లో జనం ఆవిడ పుస్తకాల కోసం తెల్లారకుండానే మంచులో వరసలు కట్టారట. బస్సు నడపడం మానెయ్యమని పబ్లిషరు బతిమాలాడు. "బస్సు మానేస్తే రాసుకోడానికి చోటేదీ?" అని ఆవిడ మానలేదు.

అప్పుడు మొదలైంది అసలు తమాషా. ఒక జనవరి మధ్యాహ్నం, అంటే మాకు నడివేసవి, ఉత్తరపు వడగాలి ఊరిని పెనం మీద రొట్టెలా మాడుస్తుంటే, ఉన్ని అంగీలు కప్పుకుని, నడుముకి చెక్క కత్తులు కట్టుకుని పాతికమంది యాత్రికులు దిగారు. ఊరంతా తిరిగి, "అదిగో రాజభవనం!" అని టౌన్ హాలునీ, "అదిగో జ్ఞానగోపురం!" అని చదువుల గదినీ చూపించుకున్నారు. నోరీన్ తన కెల్డ్రాన్‌ని మా ఊరి వీధుల మీదే కట్టిందని మాకప్పుడే తెలిసింది. వాళ్ళలో ఇద్దరు వడదెబ్బకి స్టావ్ కొట్టు ముందు పడిపోయారు. స్టావ్ ఐసు నీళ్ళు కొట్టి లేపాడు. లేచాక వాళ్ళు ఎంత తిన్నారంటే, ఊరి పెద్దలకి ఒక సత్యం బోధపడింది: స్పృహ తప్పిన యాత్రికుడు లేస్తే, ఇద్దరి భోజనం తింటాడు!

ఆ సత్యం బోధపడ్డాక నోరీన్ "మన నోరీన్" అయిపోయింది. బేకరీలో లామింగ్టన్ కేకు ముక్కలకి పచ్చరంగు పూసి డ్రాగన్ గుడ్లన్నారు. ఊరి మొదట్లో "కెల్డ్రాన్ రాజధానికి స్వాగతం" అని బోర్డు లేచింది. దాని కింద చిన్న అక్షరాలతో "గొర్రెలున్నాయి, నెమ్మదిగా పోవలెను". ఒక యాత్రికురాలు మేయర్ గారి బొజ్జనీ, మెడలోని అధికార గొలుసునీ చూసి, "అచ్చం ఓస్మండ్ మహారాజే!" అంది. అంతే! మర్నాటి నుంచి ఆయన నెత్తిమీద కిరీటం. రోడ్డు గుంతలు చూడ్డానికి కూడా కిరీటంతోనే వెళ్ళేవాడు.

డఫ్నీ టీచరుగారు మాత్రం తక్కువ తిన్నారా? చదువుల గది గుమ్మానికి 'జ్ఞానగోపురం' అని ఇత్తడి పలక కొట్టించి, ప్రతి ఆదివారం యాత్రికులకి ఉపన్యాసం.

"కొందరు తెలివితక్కువవాళ్ళు స్కార్వెల్‌ని బల్లి అనుకుంటారు," అనేది, ఆ కొందరెవరో తనకి తెలియనట్టు. "అది ప్రతీక! మౌనం పగిలిన ప్రతీక!"

దేనికి ప్రతీక అని ఎవరైనా అడిగితే, "అది ఎవరికి వారు తెలుసుకోవాల్సిందే," అని టీ తాగేది.

ఇలా అందరూ హాయిగా బతుకుతుండగా, రేడియోలో పిడుగు పడింది. ఎవరో అడిగారు: ఆఖరి సంపుటంలో ఏమవుతుందండీ అని. నోరీన్ ఎప్పటిలాగే మెల్లగా, "కెల్డ్రాన్ కాలిపోతుందండి. మొత్తం," అంది.

అత్యవసర సమావేశం!

"ఆవిడెవరండీ మన ఊరిని తగలెయ్యడానికి?" అని బల్ల గుద్దాడు మేయర్. కిరీటం కుడి చెవి మీదికి జారింది.

"పుస్తకంలో కదా నెవిల్," అన్నాడు స్టావ్. ఫైర్ కెప్టెన్ కాబట్టి వాణ్ణీ పిలిపించారు.

"నీకేం తెలుసయ్యా? ఇవాళ ఊరుందంటే ఎక్కడుంది? పుస్తకంలోనే ఉంది! అక్కడ కాలిపోతే ఇక్కడికెవడొస్తాడు? నువ్వు చెప్పు. వేసవిలో నిప్పు నిషేధం ఉందా లేదా?"

"ఉంది."

"మినహాయింపులు?"

"రైతులకి, దుబ్బులు కాల్చుకోడానికి. పర్మిట్ తీసుకుంటే."

"డ్రాగన్ రైతా?"

స్టావ్ కాసేపు ఆలోచించాడు. పాపం, వాడు నిజాయితీపరుడు. "నాకు తెలిసి కాదు," అన్నాడు.

అట్లా పుట్టిందా తీర్మానం. దాని నకలు తీసుకుని నన్ను నోరీన్ ఇంటికి పంపారు.

ఆవిడ వంటింట్లో కూర్చుని చదివింది. "మరే ఇతర అవయవంతో" దగ్గరికి వచ్చేసరికి నవ్వాపుకోలేక బల్ల మీద వాలిపోయింది. టీ ఒలికింది. తుడిచింది. మళ్ళీ చదివి మళ్ళీ నవ్వింది. తుడుస్తూ తుడుస్తూ ఉన్నట్టుండి ఆగింది.

"క్లెమ్, నా చిన్నప్పుడు ఈ ఊరు కాలింది, నీకు గుర్తుందా? నువ్వు చంటాడివేమోలే. మేమంతా ఫుట్‌బాల్ మైదానం మధ్యలో తడి దుప్పట్లు కప్పుకుని నిలబడ్డాం. చుట్టూ ఊరు పోయింది. తెల్లారాక చూస్తే ఏమీ లేదు. అప్పుడు స్టావ్ వాళ్ళ తాత, మాడిపోయిన కొట్లోంచి ఓ రేకు పట్టుకొచ్చి, దానిమీద ఉన్నవేవో వేపి అందరికీ పెట్టాడు. మా నాన్నకీ ఆయనకీ మాటల్లేవు ఎన్నో ఏళ్ళుగా. ముందు మా నాన్న చేతిలోనే పెట్టాడు."

తడి గుడ్డ పిండి పక్కన పెట్టింది.

"ఆరు పుస్తకాలూ ఆ పొద్దుటి కోసమే రాశాను. ఊరు కాలకపోతే ఆ పొద్దు ఎట్లా తెల్లారుతుంది చెప్పు? ఇన్నేళ్ళూ బస్సు నడిపి నడిపి ఆ మలుపు దగ్గరికొచ్చాక, ఇప్పుడు వెనక్కి తిప్పమంటే ఎట్లా?"

నేను తీర్మానాన్ని మడతపెడుతున్నాను. ఇంతలో పెరటి తలుపు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే మేయర్ గారు! భుజాన బంగాళాదుంపల బస్తా, నెత్తిన కిరీటం.

"నిన్నిక్కడ చూస్తే బాగోదు," అని నోరీన్ నన్ను సామాన్ల గదిలోకి తోసి తలుపు దగ్గరికి వేసింది. తలుపు సందులోంచి అంతా కనబడుతోంది, వినబడుతోంది.

"నోరీన్ తల్లీ, మొదట తవ్విన దుంపలు, నీకోసం పక్కన పెట్టాను," అంటూ కూర్చున్నాడు మేయర్. "తీర్మానం సంగతి పట్టించుకోకు. అది పైకి. నేను కళని అర్థం చేసుకోగలను. కాల్చుకో! కానీ రాజభవనం రాతిదాయె. రాయి కాలదు, నమ్మకంగా ఉండదు. అదే ఆ జ్ఞానగోపురం చూడు, అంతా చెక్కా, పాత కాగితాలూ. ఎంత ముచ్చటగా కాలుతుందో! పైగా రాజుని నేనే కదా. రాజు లేకపోతే ప్రజలు ఏమైపోతారు?"

నోరీన్‌కి పొలమారింది. "రాజు గురించి బెంగపడకండి," అంది చాలాసేపు దగ్గాక.

అంతలో ముందు తలుపు కొట్టారు. "నోరీన్! నేనమ్మా, డఫ్నీని!"

మేయర్ గారి మొహం బడి ఎగ్గొట్టి దొరికిన కుర్రాడి మొహమైపోయింది. ఇల్లంతా చూసి, ఒక్క గెంతులో సామాన్ల గదిలోకి వచ్చిపడ్డాడు.

"నువ్వా! నువ్విక్కడేం చేస్తున్నావు?" అన్నాడు గుసగుసగా.

"అధికారిక పని మీద వచ్చానండి. తమరు?"

"నేనూ అంతే!"

బయట టీచరుగారు కేకు డబ్బా మూత తీస్తున్న చప్పుడు.

"నేను పామరురాల్ని కాదమ్మా," అంటోంది. "కళ అగ్నిని కోరుతుంది. ఎవరు కాదన్నారు? కానీ సర్వనాశనం మధ్య ఒక్క గోపురం నిలబడి ఉంటే, ఆహా, ఎంత ఆశ! ఎంత ప్రతీక! రాజభవనం మాత్రం ముందే పోవాలి. వాస్తవికత అదే. ఆ నెవిల్ నా క్లాసులో ఉన్నప్పటినుంచీ చూస్తున్నాను, వాడి మొహం చూస్తేనే దేనికైనా నిప్పు పెట్టాలనిపిస్తుంది."

చీకట్లో మేయర్ గారు బుసకొట్టారు. కోపం వస్తే ఆయన ఏదో ఒకటి నమలాలి. చేతికందిన బిస్కట్ల డబ్బా తీసి నమలడం మొదలెట్టారు. మేయరన్నాక మేయక తప్పుతుందా!

"ఎలుకలున్నాయా నోరీన్?" అంది టీచరుగారు.

"ఒకటి బాగా బలిసింది టీచరుగారూ."

ఆవిడ వెళ్ళేసరికి డబ్బా ఖాళీ. మేయర్ గారు బయటికొచ్చి, పొట్ట మీద పొడి దులుపుకుని, ఏమీ జరగనట్టు పెరటి దారిన వెళ్ళిపోయారు. నోరీన్ దుంపల బస్తా వంకా, కేకు వంకా మార్చి మార్చి చూసింది.

"రాజు సంగతి..." అన్నాన్నేను.

"నువ్వు చెప్పకు," అంది. కళ్ళలో ఏదో మెరిసింది. "క్లెమ్, ఆ పర్మిట్ దరఖాస్తు కాగితం ఉందా నీ దగ్గర?"

వారం తిరక్కుండా కౌన్సిల్‌కి పద్ధతి ప్రకారం దరఖాస్తు వచ్చింది. దరఖాస్తుదారు: స్కార్వెల్. వృత్తి: ప్రతీకారం. సంతకం చోట బంగాళాదుంపని గోరులా కోసి సిరాలో ముంచి వేసిన పంజా ముద్ర. కాల్చబోయే ప్రదేశాలు: బడి, వంతెన, సారాకొట్టు, దుంపల గోదాము, చేపల వేపుడు కొట్టు. మినహాయింపు: రాజభవనం, జ్ఞానగోపురం.

ఆ ఆఖరి ముక్క వినగానే మేయర్ గారూ, టీచరుగారూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరి మొహాల్లోనూ గర్వమే, తన కేకే పనిచేసిందని ఒకరికి, తన దుంపలే పనిచేశాయని మరొకరికి.

"సమంజసమైన దరఖాస్తు!" అన్నాడు మేయర్.

"పరిణతి గల దరఖాస్తు!" అంది టీచరుగారు.

"మరి నా కొట్టు?" అన్నాడు స్టావ్.

"నీదేముందయ్యా, అంతా నూనె. అదెట్లాగూ కాలాల్సిందే," అని మేయర్ సంతకం పెట్టేశాడు. ఏకగ్రీవం!

సమావేశం అయ్యాక నోరీన్ కొట్టు దగ్గరికి వచ్చింది. స్టావ్ జల్లెడ గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

"నా కొట్టు నిజంగా కాలుస్తావా నోరీన్?"

"కాలుస్తా స్టావ్. కాల్చాలి."

వాడు గోడ మీద తాత ఫొటో వంక చూశాడు. "అయితే బాగా కాల్చు," అని, ఆవిడకి వేడివేడిగా ఓ పొట్లం కట్టిచ్చాడు.

ఆఖరిదైన ఆరో సంపుటం వచ్చింది. ఈసారి ఆవిష్కరణకి టౌన్ హాలు దానంతటదే ఖాళీ అయింది. బంగాళాదుంప రైతుల్ని గొర్రెల పాకలోకి పంపేశారు. ఎర్ర తివాచీ పరిచారు. మేయర్ గారు కొత్త కిరీటంతో, టీచరుగారు వెండి అంచు శాలువాతో గుమ్మంలో నిలబడ్డారు. "నాశనం కాని రాజభవనాన్ని దర్శించండి" అని పెద్ద గుడ్డ కట్టారు.

బస్సుల మీద బస్సులొచ్చాయి. వందల మంది దిగారు. ఒక్కరూ హాల్లోకి రాలేదు!

అందరూ స్టావ్ కొట్టు ముందు. పూలు పెట్టేవాళ్ళు పెడుతున్నారు, ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు. ఓ పెద్దాయన స్టావ్‌ని కావలించుకుని వదలడం లేదు. ఆఖరి అధ్యాయంలో ఊరు బూడిదయ్యాక, వేపుడు కొట్టువాడు మాడిన డాలు మీద చేపలు కాల్చి, తన శత్రువు చేతిలో ముందు పెడతాడు. అది చదివి కన్నీళ్ళు పెట్టుకోని వాడు లేడు. నేనైతే రెండుసార్లు. వంతెన దగ్గర దీపాలు, దుంపల గోదాము దగ్గర పాటలు. కాలిన ప్రతి చోటూ పుణ్యక్షేత్రమైపోయింది. కాలకుండా మిగిలిన రెండు కట్టడాల ముందు మాత్రం జనం ఒక్క క్షణం ఆగి, ముక్కుపుటాలు ఎగరేసి వాసన చూసి, తల అడ్డంగా ఊపి, నవ్వుకుంటూ పోతున్నారు.

"ఏమోయ్ క్లెమ్, వీళ్ళకి జలుబా?" అన్నాడు మేయర్.

నేను పుస్తకం తెరిచి ఆ చోటు చదివి వినిపించాను:

"స్కార్వెల్ రాజభవనం చుట్టూ ఒకసారి, జ్ఞానగోపురం చుట్టూ ఒకసారి తిరిగింది. నోరు తెరిచింది. లోపలి వాసన చూసింది. నోరు మూసుకుంది. 'పద,' అంది తన నీడతో. 'ఇక్కడ కాలే సరుకేమీ లేదు.'"

మేయర్ గారు గుమ్మంలోనే కూర్చుండిపోయారు. టీచరుగారి శాలువా జారి తివాచీ మీద పడింది. ఎవరూ తియ్యలేదు.

మళ్ళీ అత్యవసర సమావేశం! గ్యాలరీ నిండా అంగీలూ కత్తులూ. నోరీన్ వెనక వరసలో కూర్చుంది, పక్కన స్టావ్.

"రెండో ముద్రణలో రాజభవనాన్ని తక్షణం, సమూలంగా, బూడిద కూడా మిగలకుండా దహించవలసిందిగా రచయిత్రిని ఆదేశించడమైనది!" అని మేయర్ తీర్మానం చదివాడు.

"సవరణ!" అంది టీచరుగారు. "ముందు గోపురం. మా దగ్గర కాగితం ఎక్కువ!"

"మా హాల్లో కర్ర ఎక్కువ!"

"తెలుసు నెవిల్, ముఖ్యంగా కుర్చీలో!"

"టీచరుగారూ, మర్యాద! నా భవనం మీ గోపురం కన్నా ఎత్తు. మంట దూరానికి కనబడుతుంది!"

ఎవరిది ముందు తగలబడాలన్న దాని మీద చర్చ చాలాసేపు సాగింది. చివరికి నోరీన్ లేచి నిలబడింది.

"సరే, రాస్తాను," అంది మెల్లగా. "ఎట్లా రాయాలో మీరే చెప్పండి. మేయర్ గారూ, రాజభవనంలో మంట ఏ గదిలో మొదలవ్వాలి?"

"సింహాసనం గదిలో!" మేయర్ గారు లేచి గుండెమీద చెయ్యి వేసుకున్నారు. "నేను, అంటే ఓస్మండ్ మహారాజు, సింహాసనం దిగకుండా, మంటల్లో వీరమరణం!"

గ్యాలరీలో ముందు వరసలో ఉన్న అంగీ ఆవిడ, నొప్పించడం ఇష్టంలేనట్టు, చెయ్యెత్తింది.

"ఓస్మండ్ రెండో సంపుటంలోనే పోయాడు కదండీ?"

"పోయాడా?" అన్నాడు మేయర్. "ఎట్లా? యుద్ధంలోనా?"

"విందులో. బాతు ఎముక గొంతులో అడ్డం పడి."

"మరి అప్పటినుంచీ రాజ్యం ఎవరు ఏలుతున్నారు?"

"ఆయన గుర్రమండి."

"చాలా బాగా ఏలింది," అన్నాడు వెనకనించి ఎవరో, గౌరవంగా.

సభ కప్పు ఎగిరిపోయేలా నవ్వింది. మేయర్ గారు కిరీటం తీసి, దాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూసి, బల్ల కింద పెట్టేశారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది డఫ్నీ టీచరుగారే.

"చదవకుండా ఇన్నేళ్ళు కిరీటం పెట్టుకున్నావా నెవిల్! సిగ్గుచేటు!"

"టీచరుగారూ," అంది నోరీన్, "మీ గోపురంలో ఏ గది?"

నవ్వు సగంలో ఆగింది. "గది ముఖ్యం కాదమ్మా. ప్రతీక ముఖ్యం."

"పోనీ, గోపురంలో ఉండే ముసలి జ్ఞాని పేరు చెప్పండి చాలు. ఆవిడ మీరేనని ఊరంతా అంటున్నారుగా."

టీచరుగారు పైకి చూసింది. కిందికి చూసింది. ఆఖరికి నా వంక చూసింది. చిన్నప్పుడు పక్కవాడి పలక వైపు కన్ను తిప్పితే చెవి మెలేసిన మనిషి, ఇప్పుడు నా పెదాల వంక ఆశగా చూస్తోంది! నాకు జాలేసింది. చప్పుడు లేకుండా, పెదాలు మాత్రం కదిపి, "ఎలీకా" అన్నాను.

"ఎలుక!" అంది టీచరుగారు ధైర్యంగా.

ఆ తర్వాత సభ ఎట్లా ముగిసిందో నా మినిట్స్‌లో లేదు. నవ్వుతుంటే కలం పట్టుకోవడం కుదర్లేదు. నోరీన్ మాత్రం నవ్వలేదు. "రెండో ముద్రణలో అక్షరం కూడా మారదండి," అని చెప్పి, బస్సుకి వేళైందని వెళ్ళిపోయింది.

నెల తర్వాత అనుకుంటా, ఒక పగలు, కొత్త సమావేశం నోటీసు ఇద్దామని చదువుల గదికి వెళ్ళాను. గుమ్మం మీది ఇత్తడి పలక తీసేసి ఉంది. ఆదివారం ఉపన్యాసాలూ ఆగిపోయాయి. లోపల కిటికీ పక్కన డఫ్నీ టీచరుగారు ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక లావుపాటి పుస్తకం. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటోంది. నన్ను చూడగానే పుస్తకాన్ని శాలువా కిందికి లాగింది. అట్ట మీది డ్రాగన్ తోక మాత్రం బయటే ఉండిపోయింది. మొదటి సంపుటం.

"ఏం లేదు క్లెమ్," అంది గొంతు సవరించుకుని. "ఈ కాగితం ఎంత త్వరగా అంటుకుంటుందో పరిశీలిస్తున్నాను."

"ఎందాకా పరిశీలించారు టీచరుగారూ?"

ఆవిడ కాసేపు కిటికీ బయటికి చూసింది.

"ఆ గాడిదల కాపరి పిల్లాడు," అంది చివరికి, చాలా చిన్నగా, "ఆ వరదలో వంతెన దాటతాడా?"

"చెప్పెయ్యమంటారా?"

"నోర్ముయ్!" అని, పుస్తకం బయటికి తీసి పేజీ తిప్పింది.